చెయ్యెత్తితే ఆగే బండి

“చెయ్యెత్తితే ఆపుతాడప్పా! ఎవురు చెయ్యెత్తినా ఆపుతాడు. పందెంలో కూడా ఆపుతాడు. అట్లాంటోన్ని పెట్టుకొని నేను జీపుల పందేనికి పోయినాను సూడు, నన్నేమనల్ల?”

ఈ మాటలంటున్నప్పుడు పాపక్క చేతిలో నా స్కూటరు కార్బురేటరు ఉంది. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద, రైసుమిల్లు దాటాక ఎడమవైపు కనిపించే రేకుల షెడ్డు ఆమెది. తక్కిన పనులన్నీ తమ్ముడు చెంగల్రాయుడు చేస్తాడు గానీ కార్బురేటరు మాత్రం ఆమె ఇంకొకరి చేతికివ్వదు. పెట్రోలులో ముంచి, బ్రష్షుతో రుద్ది, సన్నటి రంధ్రంలోకి ఊది, వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి చూస్తుంది. ఆ పని సాగినంతసేపూ మాట్లాడుతుంది. నా స్కూటరు బాగుపడాలని నాకు ఎంత ఉంటుందో, ఆ రంధ్రంలో మట్టి ఇంకాస్త మిగిలి ఉండాలని కూడా అంతే ఉంటుంది.

“ఎవరక్కా ఆపేది?”

“దాసప్ప! ఇంగెవుడు?”

దాసప్పను ఆ రోడ్డున తిరిగేవాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య షేర్ జీపు తోలతాడు. బస్సు తప్పిపోయినవాళ్ళూ, బస్సు ఆగని ఊళ్ళవాళ్ళూ అతని కోసమే రోడ్డు పక్కన నిలబడతారు. జీపు ఎంత నిండినా చెయ్యి చూశాడంటే అతని కాలు బ్రేకు మీదికి పోతుంది. ఆ దాసప్ప ఒకప్పుడు పందెంలో జీపు తోలాడన్న సంగతి మాత్రం నాకు ఆనాటిదాకా తెలియదు.

“తోలినాడు. నా కర్మ కాలి తోలినాడు” అంది పాపక్క.

పాపక్క భర్త కదిరప్పకు జీపులంటే పిచ్చి. తొంభై నాలుగులో బెంగుళూరు పోయి, మిలిటరీవాళ్ళు వేలం వేసిన జీపు ఒకటి తెచ్చాడు. టాపు పీకేసి, తలకిందులైనా మనిషికి దెబ్బ తగలకుండా ఇనుపగొట్టాలు వంచి బిగించి, ముందు అద్దం మీద ‘సుగుటూరు గంగమ్మ తల్లి దయ’ అని రాయించి పందేలకు దింపాడు. ఆ రోజుల్లో ఎండాకాలం వచ్చి చెరువులు ఎండిపోయాయంటే ఈ పక్కన జీపుల పందేలు జరిగేవి. మొదటిది మదనపల్లె దగ్గర, రెండోది పుంగనూరులో, మూడోది కుప్పంలో. నీళ్ళు లేని చెరువులో సున్నంతో గీతలు గీసి, మలుపుల్లో పాత టైర్లు పేర్చితే అదే మైదానం. కదిరప్ప ఒకటి రెండుసార్లు గెలిచాడు కూడా. ఆ తర్వాత పచ్చకామెర్లు వచ్చి పోయాడు. షెడ్డూ, జీపూ, పందెం పిచ్చి ఉన్న తమ్ముడూ పాపక్కకు మిగిలారు.

“జీపు పాతబడిపాయ. ఒక తూరి గేరుబాక్సు, ఒక తూరి రేడియేటరు. పోయిన ప్రతి పందెంలోనూ సగంలో నిలబడేది. ట్రాక్టరు కట్టి ఈడ్సుకొని రావల్ల. జనం నగేటోళ్ళు. ‘పాపక్కా, ఈ తూరి ట్రాక్టరునే పందేనికి దింపు, అదే ముందర వస్తాంది కదా’ అనేటోళ్ళు.”

షెడ్డులో ఒక మూలనున్న ఇంకో జీపు కింద పడుకొని ఏదో బిగిస్తున్న చెంగల్రాయుడు కిసుక్కుమన్నాడు.

“నువ్వు నగొద్దు. నగేదానికి నీకు మొగం ఉండాదా?” అంది పాపక్క అటు తిరక్కుండానే.

ఇంటి పెద్ద మునెప్ప. కదిరప్పకు అన్న, పాపక్కకు బావ. అతనివి రెండు మూడు షేర్ జీపులు లైనులో తిరిగేవి. తమ్ముడి జీపు వెనక రెండు బెంచీలు కొట్టించి దాన్నీ లైనులో తిప్పితే ఇంటికి పనికొస్తుందని అతని వాదన. చెడ్డవాడు కాదు. కానీ చెప్పిందే చెప్తాడు. రెండువేల మూడులో గంగమ్మ జాతరకు చుట్టాలందరూ వచ్చి భోజనాలకు కూర్చున్నప్పుడు మళ్ళీ అదే ఎత్తాడు. పాపక్క చేతిలోని సాంబారు గరిటె అలాగే పట్టుకొని మాట ఇచ్చేసింది.

“ఏమన్నానో తెలుసునా? ‘బావా, ఈ యేడు మూడు పందేల్లో ఒక్కదాంట్లో అన్నా మా బండి కడాకు పోయి గీత దాటకుంటే, తాళంచెవి నేనే తెచ్చి నీ చేతిలో పెడతా. మళ్ళా అడగను’ అన్నా. గెలుస్తానని అనలే, సూడు. గీత దాటుతాదన్నా. అంత తక్కువ అడిగినా ఇయ్యలేదప్పా ఆ తల్లి!”

మదనపల్లె పందెంలో వెనక యాక్సిల్ విరిగింది. ట్రాక్టరు వచ్చింది. ఇక పుంగనూరు. సొంత ఊరు, తెలిసిన చెరువు. ఇక్కడైనా దాటుతుందనుకుంటుంటే, పందేనికి ముందు చెంగల్రాయుడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

“జీపు పల్టీ కొట్టినా గీరుకు పోనోడప్పా వీడు! రేసు డ్రైవరు! యాడ పడినాడో అడుగు. చింతచెట్టు మీదనుంచి పడినాడు. కాయంతా రాలగొట్టి అమ్మేసినాంక, కొనాన నాలుగు కాయలు కనబడ్తే దానికోసరం ఎక్కినాడు.”

“కొమ్మ పుచ్చిందక్కా” అన్నాడు చెంగల్రాయుడు జీపు కిందనుంచి.

“నీ తలకాయ పుచ్చింది. గమ్మునుండు.”

పుత్తూరు పోయి కట్టు కట్టించుకొని వచ్చి, మెడకు చెయ్యి వేలాడదీసుకొని షెడ్డులో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. పుంగనూరు పందెం అలా పోయింది. మిగిలింది కుప్పం ఒక్కటే. ఉన్న బండికి డ్రైవరు లేడు.

పాపక్క డ్రైవర్ల కోసం వెతకని చోటు లేదు. బస్సు తోలే ఒకాయన వచ్చి, బండి చుట్టూ తిరిగి, దీనికి కండక్టరు ఎవరని అడిగాడు. రామసముద్రం నుంచి వచ్చిన ట్రాక్టరు డ్రైవరు రెండో గేరు దాటి వేయడానికి ఒప్పుకోలేదు. కలికిరి కుర్రవాడొకడు బండి ఎక్కకముందే టోపీ, నల్లద్దాలు, పేపర్లో ఫోటో అడిగాడు. “ఫోటో వేయిస్తా నాయనా, పోయినోళ్ళ ఫోటోలు వేస్తారే, ఆ పక్కన వేయిస్తా అని పంపించేస్తి” అంది పాపక్క.

అప్పుడు దాసప్ప తనంతట తానే షెడ్డుకు వచ్చాడు. మునెప్ప జీపుల్లోనే ఒకటి తోలుతుండేవాడు. గడప దగ్గర నిలబడి, “కదిరప్పన్న బండి అక్కా. నేను తోల్తా” అన్నాడట.

“తోలి సూపించమన్నా. వీన్ని పక్కన కూసోబెట్టి రామసముద్రం రోడ్డులో పంపించినా. ఏమి తోల్తాడప్పా! కూసున్నోళ్ళకు గుంతలో దిగేది తెలీదు, ఎక్కేది తెలీదు. వీడే వచ్చి చెప్పినాడు, ‘అక్కా, నాకన్నా బాగా తోల్తాడు’ అని. వీని నోట్లో నుంచి ఆ మాట వచ్చిందంటే సూసుకో.”

“మరింకేమక్కా, బాగానే ఉంది కదా?”

“యాడ బాగుండాది? పోయేటప్పుడు ఇద్దురు పోయినారు. వచ్చేటప్పుడు జీపు నిండా జనం! గడ్డిమోపు పట్టుకొని ఒకామె, బడిపిల్లోళ్ళు, ఒక ముసిలాయప్ప, వానితో ఒక మేక. మేకను వీని ఒళ్ళో పెట్టినారు, కట్టు కట్టిన చెయ్యి మీద!”

పాపక్క దాసప్పను నిలబెట్టి అడిగింది. అతను తల వంచుకొని చెప్పాడు. పొద్దున బండి తీశాక మొదట చెయ్యెత్తినవాళ్ళు బోణీ. బోణీని వదిలేసి పోతే ఆ రోజంతా బండికి ఏదో ఒకటి అవుతుంది. లైనులో తిరిగే అందరికీ తెలిసిన సంగతే.

“మొదుటామె బోణీ. మిగిలినోళ్ళు?”

“వాళ్ళు కూడా చెయ్యెత్తినారు కదక్కా.”

పాపక్క తల పట్టుకుంది. వేరే డ్రైవరు లేడు, రోజులు లేవు. ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. పందెం రోజు పొద్దున్నే కుప్పం బస్టాండు దగ్గర తనే రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తింది. దాసప్ప జీపు ఆపాడు. ఎక్కింది. చెరువుగట్టు దాకా పోయి దిగి ఛార్జీ చేతిలో పెట్టింది. అతను ఆ నాణెం కళ్ళకద్దుకొని, స్టీరింగుకు తాకించి, జేబులో వేసుకున్నాడు.

“బోణీ అయిపాయనా?” అంది పాపక్క.

“అయిపాయనక్కా.”

“ఇంగ జనం ఉంటారు, చేతులెత్తుతారు, అరుస్తారు. ఎవురికీ ఆపొద్దు. తెలిసిందా?”

“తెలిసిందక్కా.”

మునెప్ప కూడా వచ్చాడు కుప్పానికి. గొడుగు వేసుకొని గట్టు మీద ఒక పక్కగా నిలబడ్డాడు. తాళంచెవి అడగడానికి వచ్చాడని జనం అన్నారు. బండి దాటితే చూద్దామని వచ్చానని అతనన్నాడు.

జెండా ఊపారు. జీపులు లేచాయి. దుమ్ములో మొదట ఏమీ కనబడలేదు. తర్వాత చూస్తే పాపక్క బండి రెండోది. మైకులో ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. జనం చేతులెత్తి గోల చేస్తుంటే దాసప్ప వాళ్ళ ముందునుంచి దూసుకుపోయాడు. ఆపలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఆపలేదు. పాపక్క గంగమ్మకు మొక్కు కూడా మొక్కేసుకుంది.

ఇంకా కొన్ని చుట్లు ఉండగా, అవతలి మలుపులో జరిగింది ఇది. అటువైపు జనం లేరు. తాడు పట్టుకొని కాపలా ఉండాల్సినవాళ్ళు ఎండకు తాళలేక మజ్జిగకు పోయారు. ఆ రోజు కుప్పంలో సంత. చెరువు ఎండిపోయినప్పటి నుంచి గట్టవతలి ఊరివాళ్ళు సంతకు చెరువులో అడ్డంగా నడిచి పోతున్నారు. నారాయణమ్మ అనే అవ్వ, నెత్తిన కోళ్ళగంపతో, కాళ్ళకు చెప్పుల్లేకుండా అలాగే నడిచి వచ్చింది. ఎదురుగా జీపు కనబడింది. చెయ్యెత్తింది.

“మైకులో చెప్తాండాడు. ‘నాలుగో నంబరు బండి ఆగింది, ఏదో ఇబ్బంది వచ్చినట్టుంది’ అని. అది మాదే. నేను అప్పుడే కండ్లు మూసుకున్నా. ‘లేదు లేదు, కదిలింది, బండిలో... బండిలో ఎవరో ఉన్నారు’ అన్నాడు. వీడు నా పక్కన నిలబడి, ‘అక్కా, ఆడమనిషి మాదిరి ఉండాది’ అంటాడు. నువ్వు చెప్పొద్దురా అన్నా. ‘గంప కూడా ఉండాదక్కా’ అంటాడు!”

లోపల ఏం జరిగిందో పాపక్కకు తర్వాత ఆ అవ్వే చెప్పిందట. ఎక్కి, గంప ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. బండి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

“నాయనా, సంత ఇట్లగాదు, అట్ల” అంది.

“తెలుసవ్వా. ఇంగా సుట్లు ఉండాయి.”

“యాల సుట్లు? ఎందుకు?”

“పందెం అవ్వా.”

“పందెం పెట్టుకొని నన్నెందుకురా ఎక్కించుకొంటివి?”

“నువ్వు చెయ్యెత్తితివి కదవ్వా.”

అవ్వ గంప గట్టిగా పట్టుకుంది. తిట్టుకుంటూనే చుట్లన్నీ తిరిగింది. కోళ్ళు మాత్రం ఒక్కసారీ అరవలేదట. బండి గీత దాటింది.

జనం పడి పడి నవ్వుతుంటే, పాపక్క చీర కొంగు నడుముకు దోపి తీర్పు చెప్పేవాళ్ళ టెంటులోకి పోయింది. అక్కడ నెరసిన మీసాల పెద్దమనిషి ఒకాయన కూర్చొని ఉన్నాడు.

“బండిలో డ్రైవరు ఒక్కడే ఉండల్లమ్మా” అన్నాడాయన.

“ఆ మాట ఎప్పుడు చెప్పినారు? ఎవురికి చెప్పినారు?”

ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

“మనిషి ఎక్కితే బండి బరువు పెరిగిందా, తగ్గిందా? పెరిగింది. ఆగినందుకు మా పొద్దు పోయిందా, లేదా? పోయింది. నష్టపడింది మేము. నష్టపడినోళ్ళకే మళ్ళా శిక్షనా? ఇదేం న్యాయమప్పా?”

పెద్దమనిషి మీసం గోక్కున్నాడు. పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. చివరికి, “నీ మాటలో న్యాయముండాదిలేమ్మా” అన్నాడు. “గీత దాటింది, దాటినట్టే రాసుకుంటాం. పందెం అయినాక బండ్లన్నీ ఈడ నిలబెట్టి మేము సూడల్ల. సూడకుండా రాసేది లేదు. అది అందరికీ ఉండేదే, నీకూ తెలిసిందే. నీ బండి తీసుకురా. ఒక్క క్షణం పని.”

ఇక్కడ పాపక్క చేతిలోని బ్రష్షు కింద పెట్టింది.

“నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి నాయనా. మా ఇంటాయన బండి మాకే దక్కింది అనుకున్నా. టెంటులో నుంచి ఇవతలికి వచ్చినా. మిగిలిన బండ్లన్నీ వరసగా ఉండాయి. నాలుగో నంబరు కాడ ఉత్త చక్రాల గురుతులు. బండి ల్యా! ‘యాడరా?’ అన్నా వీన్ని. ఏమన్నావో నువ్వే చెప్పరా.”

“సంతకు పోయిందన్నా” అన్నాడు చెంగల్రాయుడు నాతో, జీపు కిందనుంచి తల బయటపెట్టి. “అవ్వను దించేసి వస్తానని పోయినాడు. నేను వద్దంటే, ‘ఎక్కించుకొని నడిమద్దిలో దించేది యాడన్నా ఉండాదా’ అన్నాడు.”

పెద్దమనిషి కాసేపు చూశాడు. బహుమతులు పంచేదాకా చూశాడు. సంత రద్దీలో ఇరుక్కున్న జీపు రాలేదు. వాళ్ళు టెంటు విప్పుకోవడం మొదలుపెట్టారు. నాలుగో నంబరు లెక్కలో లేదని మైకులో చెప్పారు. పాపక్క అదే దుమ్ములో నడిచిపోయి, గొడుగు కింద నిలబడిన మునెప్ప చేతిలో తన దగ్గరున్న రెండో తాళంచెవి పెట్టింది.

“ఇంటికి పోయినాక సూస్తాంలేమ్మా” అన్నాడట మునెప్ప ఇబ్బందిపడుతూ.

“మాట మాటే బావా” అందట ఈమె.

అప్పుడొచ్చాడు దాసప్ప. నవ్వు మొహంతో దిగి, జేబులోంచి జాగ్రత్తగా రెండు కోడిగుడ్లు తీసి పాపక్కకు చూపించాడు. అవ్వ దగ్గర చిల్లర లేక ఛార్జీ కింద ఇచ్చిందట. బండి నీది కాబట్టి ఛార్జీ నీదేనన్నాడు.

“‘ఎవురికీ ఆపొద్దంటినే, యాల ఆపితివిరా’ అన్నా. ‘అక్కా, ఆడ అందురూ చప్పట్లకు చేతులెత్తినారు. నేను ఆపలే. ఆయమ్మ చప్పట్లకు ఎత్తలేదక్కా, బండికి ఎత్తింది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపాయ. ‘నా కండ్లకు కనబడొద్దు పో’ అన్నా.”

“మరి ఆ గుడ్లు?”

“ఇంటికొచ్చి పొరుటు చేసిందన్నా” అన్నాడు చెంగల్రాయుడు. “కారం శానా ఎక్కువేసింది.”

మునెప్ప ఆ జీపుకు బెంచీలు కొట్టించి, తోలడానికి దాసప్పకే ఇచ్చాడు. దానికోసమే కావాలని ఆపాడని ఊళ్ళో అన్నవాళ్ళున్నారు. పాపక్క దగ్గర ఆ మాటెత్తితే కొట్టినంత పని చేస్తుంది. “అంత తెలివే ఉంటే వాడు ఆపేటోడే కాదు” అంటుంది.

తర్వాత వానలు పడ్డాయి. చెరువులు నిండాయి. పందేలు ఆగిపోయాయి. ఈ ఏడు మళ్ళీ కుప్పం చెరువులో నీళ్ళు తగ్గాయి. పందెం పెడుతున్నామనీ, పాత లెక్కలేవీ పట్టించుకోమనీ, ఎవరైనా రావచ్చుననీ కబురొచ్చింది. చెంగల్రాయుడు ఇందాకటి నుంచి కింద పడుకొని బిగిస్తున్నది ఆ పందెం కోసమే. అక్కాతమ్ముళ్ళు పాత ఇనుములోంచి ఒక్కొక్క ముక్కా తెచ్చి నిలబెట్టిన కొత్త జీపు. అద్దం మీద గంగమ్మ పేరు అప్పుడే రాయించారు.

“చెంగల్రాయుడు తోలుతాడా అక్కా?”

“వీడా? కట్టు ఇప్పకముందే ఆ చేత్తో స్పానరు పట్టినాడు. ఎముక వంకరగా అతుక్కుంది. గేరు మార్చల్లంటే ముందురోజే చెప్పి పెట్టుకోవల్ల. దాసప్పే తోలల్ల. ఇంగెవురుండారు?”

నేను ఆమె మొహం చూశాను. ఇంతసేపూ ఎవరిని తిట్టిందో నాకు గుర్తుంది కదా.

“ఏం సూస్తావు? ఆలోచించు. వాడు ఆపినాడు. ముసిలామెను ఎక్కించినాడు. గంప సర్ది ఇచ్చినాడు. ఆమె కూసున్నాదో లేదో సూసి కదిలించినాడు. అయినా అందురికన్నా ఎనక రాలేదప్పా! వాని ఎనక ఇంగా మూడు బండ్లు ఉండాయి. ఆపకుంటే ఎట్ల తోలునో!” అని నిట్టూర్చింది. “కానీ వాడు నా కండ్లకు కనబడడు. కోపంలో ఒక మాట అంటారు, ఇండ్లల్లో అనుకోరా? దాన్ని పట్టుకొని నాలుగేండ్లు! ఆపొద్దురా అంటే వినలే. కనబడొద్దు పో అంటే విన్నాడు. నేను చెప్పినదాంట్లో వాడు విన్నది ఆ ఒక్క మాటే. మొన్న నేనే రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తినా నాయనా. ఊరందరికీ ఆపేటోడు నన్ను సూసి మొగం తిప్పుకొని తొక్కినాడు సూడు, అప్పుడు తెలిసింది వాడెంత బిన్నా, ఎంత జోరుగా తోల్తాడో!”

కార్బురేటరు శుభ్రమై చాలాసేపయింది. పాపక్క దాన్ని గుడ్డలో చుట్టి అరలో పెట్టేసింది.

“బిగించవా అక్కా?”

“ఈ పొద్దు కాదు. రేపు రా, బిగిస్తా. నువ్వు మదనపల్లెకే కదా పోవల్ల? బస్సుకు పోవద్దు. ఆ మలుపు కాడ చింతచెట్టు కింద నిలబడు. ఇంగ సేపటికి వస్తాడు. ఎక్కి కూసో. ముందే నా పేరు చెప్పొద్దు, దించేస్తాడు. బండి కదిలినాక చెప్పు, పాపక్క రమ్మనిందని. తిట్టదని చెప్పు. తిడితే నువ్వే పూచీ అని చెప్పు.”

నేను రోడ్డెక్కాక వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

“నాయనా! బండికి ఎత్తినట్ల ఎత్తు చెయ్యి. చప్పట్లకు ఎత్తినట్ల ఎత్తితే పోతాడు!”